పికప్ కొనాలి: ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమా, టూ వీల్ సరిపోతుందా? (దేవరకొండ వైపు బత్తాయి తోట)

బత్తాయితోట_దేవరకొండ

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక పికప్ తీసుకోవాలనుకుంటున్నాం. ఇన్నాళ్లూ ట్రాక్టర్‌తో, కిరాయి ట్రాలీ ఆటోతో నెట్టుకొచ్చాం. తమ్ముడేమో ఇంజిన్ వెనక రెండు చక్రాలనే తిప్పే మామూలు బొలెరో పికప్ టూ వీల్ చాలు, మిగిలిన డబ్బుతో తోటలో డ్రిప్ పైపులు మారుద్దాం అంటున్నాడు. నాకు బొలెరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న రకం మీద మనసుంది. టాటా యోధలో కూడా ఫోర్ బై ఫోర్ ఉందంటున్నారు.

మా దారి సంగతి చెప్తాను. తారు రోడ్డు దిగాక తోట దాకా బండ్ల బాటే. మొదట కొంత దూరం నల్లరేగడి, తర్వాత ఒక ఒర్రె (చిన్న వాగు), అది దాటితే ఎర్ర చెలక, అక్కడే తోట. ఒర్రెలో నీళ్లు వాన పడిన రోజే ఉంటాయి కానీ రోడ్డు వైపు ఒడ్డు నిటారుగా ఉంటుంది. సీజన్ కాయ ఆగస్టు, సెప్టెంబరులో కోతకొస్తుంది, అంటే సరిగ్గా బురద రోజుల్లో. మిగతా తిరుగుడు అంతా దేవరకొండ, మల్లేపల్లి, అప్పుడప్పుడు హైదరాబాద్.

వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి. షోరూంలో అడిగితే ఖరీదైనదే మంచిదంటారు, ఇంట్లో అడిగితే చవకదే మంచిదంటారు.

మిల్లుబండి_మిర్యాలగూడ

టూ వీల్ తీసుకోండి అన్నా, రెండో ఆలోచన వద్దు. మాది మిల్లులకు వడ్లు, తవుడు తోలే పని. మా దగ్గర తిరిగే పికప్‌లు దాదాపు అన్నీ టూ వీలే. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్ల పక్కనుంచి, కట్టల మీదనుంచి రోజూ తోలుతున్నాం.

పికప్‌లో ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలను. బస్తాలు వేసేది కూడా సరిగ్గా వాటి మీదే. టన్ను బరువు పడితే వెనక టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి. ఫోర్ వీల్ అంటే ముందు కూడా ఒక క్రౌన్ గేరు, రెండు షాఫ్టులు, మధ్యలో బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. ఆ ఇనుమంతా బండి బతికినన్నాళ్లు మోయాలి, దానికి డీజిల్ పోయాలి. మీరు తారు మీద తిరిగేదే ఎక్కువ కదా. తమ్ముడి మాటే వినండి.

నల్లరేగడి_మక్తల్

మిర్యాలగూడ అన్న చెప్పింది కాలువ కట్టకు సరే. కట్ట మీద మొరం ఉంటుంది. మా వైపు పత్తి, కంది చేలకు పోయే బాటలు అసలు రేగడి. ఒక్క గట్టి వాన పడిందంటే టైరు గాడులన్నీ మట్టితో నిండిపోయి నున్నగా అవుతాయి. అప్పుడు ఏ కంపెనీ టైరైనా ఒకటే. అక్టోబరులో పత్తి తీసేటప్పుడు వాన పడితే ట్రాక్టర్ తప్ప ఏదీ కదలదు. లోడు ఉంటే పట్టు వస్తుందంటున్నారు, రేగడిలో లోడు బండి ఇంకా లోతుకు దిగబడుతుంది. హౌసింగ్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) నేలకు ఆనిందంటే ఇక జేసీబీనే.

నా మాట: ముందు బాట సంగతి చూడండి. నల్లమట్టి ఉన్న దూరం తక్కువే అంటున్నారు కదా, పక్క రైతులతో కలిసి అడుగున రాయి పరిచి పైన మొరం పోయించండి. రాయి లేకుండా ఒట్టి మొరం పోస్తే రెండు మూడు వానాకాలాల్లో నల్లమట్టి మింగేస్తుంది.

గేర్‌పెట్టె_జడ్చర్ల

నేను హైవే పక్కన మెకానిక్‌ని. రెండు రకాల బండ్లూ నా దగ్గరికి వస్తాయి, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

టూ వీల్ ఎందుకు ఇరుక్కుంటుందో ముందు తెలుసుకోవాలి. వెనక హౌసింగ్‌లో డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగడానికి అది కావాలి. కానీ దాని స్వభావం ఏమిటంటే రెండు చక్రాలకూ సమానమైన బలమే ఇస్తుంది. ఒక చక్రం బురదలో పడి జారితే దానికి పట్టే బలం చాలా తక్కువ, రెండో చక్రానికీ అంతే తక్కువ అందుతుంది. అందుకే ఒక టైరు గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండోది నిలబడి చూస్తుంది.

ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలకూ బలం పోతుంది, సాయం పెరుగుతుంది. అయితే ముందు హౌసింగ్‌లోనూ అలాంటి డిఫరెన్షియలే ఉంటుంది. గుంటలో పడి ముందు ఒకటి, వెనక ఒకటి గాల్లోకి లేచినా, జారినా, ఫోర్ వీల్ బండి కూడా ఆగిపోతుంది. దానికి మందు డిఫరెన్షియల్ లాక్. అది ఉంటే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. టూ వీల్ బండికి కూడా లాక్ ఉండొచ్చు. బొలెరో నియోలో ఒక రకానికి కంపెనీ అలా ఇచ్చింది, వెనక చక్రాలతో నడిచే బండే, లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. అది పికప్ కాదు, ఉదాహరణకు చెప్తున్నా.

ఇక ఫోర్ వీల్ వేసే లివర్ సంగతి. టూ హెచ్ మామూలు రోడ్డుకి. ఫోర్ హెచ్ తడి మట్టికి, ఇసుకకి. ఫోర్ ఎల్ అంటే లో రేంజ్. అందులో చాలా బండ్లలో చక్రానికి అందే బలం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం అంత మేరకు తగ్గుతుంది. మీ ఒర్రె ఒడ్డు లాంటి నిటారు ఎక్కుడుకు అసలు పనికొచ్చేది ఇదే. క్లచ్ కాల్చకుండా, ఎగరకుండా, ఒకే నడకలో ఎక్కుతుంది. దిగేటప్పుడు కూడా ఫోర్ ఎల్ మొదటి గేరులో బ్రేకు తొక్కకుండా ఇంజినే పట్టుకుంటుంది. ఫోర్ వీల్ గురించి అందరూ బురద గురించే మాట్లాడతారు, నా లెక్కలో సగం విలువ ఈ లో రేంజ్‌దే.

దేవరకొండ అన్నా, ఒక ప్రశ్న. కాయ లోడు మీరే మార్కెట్‌కు తోలతారా, తోటకు వ్యాపారి బండి వస్తుందా? దాన్ని బట్టి నా జవాబు మారుతుంది.

బత్తాయితోట_దేవరకొండ

మంచి ప్రశ్న అడిగారు. పెద్ద కోత అయితే వ్యాపారి తోటంతా మాట్లాడుకుని తన డీసీఎం (చిన్న లారీ) తెచ్చుకుంటాడు. అది కూడా తారు రోడ్డు దగ్గరే ఆగుతుంది, అక్కడి దాకా మా ట్రాక్టర్‌తో చేరవేస్తాం. కత్తెర కాపు (సీజన్ కాని కాయ) కొంచెమే వస్తుంది, అది మేమే బాటసింగారం మార్కెట్‌కు తీసుకెళ్తాం, కానీ అప్పుడు ఎండాకాలం, బాట గట్టిగా ఉంటుంది. వానల్లో పికప్ పని అంటే ఎరువు బస్తాలు నాలుగైదు, మందు డబ్బాలు, మోటారు పాడైతే దాన్ని దేవరకొండకు తీసుకెళ్లడం, కూలీలను తీసుకురావడం.

గేర్‌పెట్టె_జడ్చర్ల

అయితే మీ కేసు మిర్యాలగూడ అన్న కేసుకు పూర్తి తిరగేసి ఉంది. ఆయన బండి వానలో లోడుతో పోతుంది. మీది వానలో ఖాళీగా పోతుంది. ఖాళీ పికప్‌లో బరువంతా ముందు ఇంజిన్ మీద, తిరిగే చక్రాలేమో వెనక. తడి మట్టి మీద అంతకంటే బలహీనమైన పరిస్థితి ఉండదు. మీ ఒడ్డు మీద ఖాళీ టూ వీల్ పికప్ ఇబ్బంది పెడుతుంది.

పాలబండి_కల్వకుర్తి

నమస్తే అన్నా. నేను పాల సేకరణ చేస్తాను, బండి నేనే నడుపుతాను. మాది ఫోర్ వీల్ పికప్. ఎందుకు తీసుకున్నానో చెప్తాను.

మాకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా పోవాలి. వాన అని ఆగడానికి లేదు, పాలు ఆగవు. తండాల దారుల్లో ఇరుక్కుంటే ట్రాక్టర్ కోసం ఎదురుచూసే సమయంలో క్యాన్లలో పాలన్నీ విరిగిపోతాయి. ఒక పూట పాలు పోతే ఆ నష్టం నాది, నమ్మి పోసిన వాళ్లకు డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే. నాకు ఫోర్ వీల్ ఖర్చు అందులో తేలిపోయింది. ఒక రోజు ఆగి పోయినా నష్టం లేని పని అయితే టూ వీల్ చాలు. ఎన్ని రోజులు బురద ఉంటుంది అని కాదు, ఆ రోజుల్లో పోకపోతే ఏం పోతుంది అని లెక్క వేసుకోండి.

ఇంకో మాట. మీరు కూలీలను తీసుకురావడం అన్నారు. దయచేసి వెనక ట్రాలీలో మనుషులను ఎక్కించకండి. మన జిల్లాల్లో ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు బోల్తాపడి ఎంతమంది ఆడకూలీలు చచ్చిపోయారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. సరుకు బండి వెనక మనుషులు కూర్చుంటే చట్టమూ ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ వస్తుంది. ఈ ఒక్క కారణానికే నేను రెండు వరుసల సీట్లున్న క్యాంపర్ వైపు చూడమంటాను. నాలుగు చక్రాల సంగతి తర్వాత.

మిల్లుబండి_మిర్యాలగూడ

అక్క చెప్పిన సీట్ల మాటకు ఎదురు లేదు. ఖాళీ బండి మాట కూడా ఒప్పుకుంటున్నా. కానీ దానికి చవక దారి ఉంది. వానాకాలం అంతా వెనక ఇరుసు మీదకు వచ్చేట్టు నాలుగు ఇసుక బస్తాలు కట్టేసి ఉంచండి. వెనక లోతైన గాడులుండే మంచి లగ్ టైర్లు వేయండి. ఒక చక్రం జారుతుంటే హ్యాండ్ బ్రేక్ కొంచెం లాగి పట్టండి, జారే చక్రానికి అడ్డు తగిలి రెండో చక్రానికి బలం పోతుంది. ఇవన్నీ కలిపినా ఫోర్ వీల్ తేడాలో పిసరంత కూడా కాదు.

గేర్‌పెట్టె_జడ్చర్ల

హ్యాండ్ బ్రేక్ ఉపాయం నిజమే, పనిచేస్తుంది, నెమ్మదిగా లాగాలి. ఇసుక బస్తాలు కూడా మంచిదే, బాగా కట్టాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు ముందుకు వచ్చి క్యాబిన్‌ను కొడతాయి.

టైర్ల మీద ఒక హెచ్చరిక. ముందు రిబ్ (నిలువు గీతల టైర్లు), వెనక లగ్ వేసే అలవాటు, ముందు అరిగినవి వెనక కొత్తవి వేసే అలవాటు టూ వీల్ బండికి నడుస్తాయి. ఫోర్ వీల్‌కు అలా చేయకూడదు. నాలుగు టైర్లూ ఒకే కొలత, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. పికప్‌లలో వచ్చే ఈ రకం ఫోర్ వీల్‌కు మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. లివర్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకటిగా బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు, అప్పుడు ఆ ఒత్తిడి అంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు కీచుమంటాయి. నా దగ్గరికి వచ్చే ట్రాన్స్‌ఫర్ కేసు పనుల్లో చాలావరకు బురద వల్ల వచ్చినవి కావు. ఫోర్ వీల్ వేసి తీయకుండా హైవే మీద తోలినవే.

అసలు వాడకపోయినా పాడవుతుంది. నెలకొకసారి మట్టి నేల మీద వేసి కొంచెం దూరం తోలాలి. అప్పుడే ముందు హౌసింగ్‌లో గేర్లకు నూనె అంటుతుంది, సీళ్లు ఎండిపోవు.

మామిడి_కొల్లాపూర్

నా దగ్గర ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉంది. చూడ్డానికి బాగుంటుంది, కుటుంబంతో శ్రీశైలం పోయినా అలసట తెలియదు. కానీ మామిడి లోడుకు దాన్ని వాడను, సొంత నంబరు ప్లేటు మీద తిరిగే బండి అది. తోట పనికి, మార్కెట్ పనికి కొంటున్నారంటే ఆ తరగతి బండ్ల జోలికి పోవద్దు. టయోటా హైలక్స్ కూడా అంతే. 2022లో మన దగ్గరికి వచ్చింది, మన దేశంలో అన్నీ ఫోర్ వీలే, మంచి బండే, ఎరువు బస్తాలకు మాత్రం అంత ధర ఎందుకు?

రోడ్డుపక్క_అచ్చంపేట

ఒర్రె అన్నారు కాబట్టి నీళ్ల గురించి ఒక్కటి చెప్పి తీరాలి.

ఫోర్ వీల్ ఉందని పారే నీళ్లలో దించకండి. నాలుగు చక్రాలు తిరిగితే బురదలో లాభం. పారే నీటికి దానితో పని లేదు. నీరు బండిని పక్కకు తోస్తుంది, ఇంకా పెరిగితే పైకి లేపుతుంది. మోకాలు దాటిన ప్రవాహంలోనే చిన్న బండ్లు కొట్టుకుపోతాయి. ప్రతి వానాకాలం డిండి వైపు, మూసీ వైపు కాజ్‌వేల మీద ఏదో ఒక బండి పోయిందని వింటున్నాం. నీళ్ల కింద బాట కనిపించకపోతే ఇవతలే ఆగండి. మీది చిన్న ఒర్రె అంటున్నారు, గంటో రెండు గంటలో తీస్తుంది. ఆగితే ఏమీ పోదు.

నిలిచిన నీళ్లలో దాటినా ఇంటికొచ్చాక రెండు హౌసింగ్‌ల నూనె చూపించండి. మజ్జిగ రంగుకు మారిందంటే నీళ్లు కలిసినట్టే, వెంటనే మార్చాలి.

నల్లమల దారిలో పని పడినా ఫోర్ వీల్ అవసరం రాదు. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా మంచి తారు రోడ్డే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసి ఉంటుంది, అది గుర్తుంటే చాలు. అడవిలో దారి తప్పించి మట్టి బాటల్లో తోలడం మాత్రం వద్దు, అది పులుల అభయారణ్యం, కేసు అవుతుంది.

మిల్లుబండి_మిర్యాలగూడ

కాగితాల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. క్యాంపర్ అయినా పికప్ అయినా సరుకు బండిగా రిజిస్టర్ అయితే పసుపు ప్లేటు, ఫిట్‌నెస్ ఉంటాయి. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బండి మొత్తం బరువు, అంటే లోడుతో కలిపి, 3000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. పెద్ద పికప్‌లు కొన్ని ఆ హద్దు దాటుతాయి, కొనేముందు కాగితంలో చూసుకోండి. లైసెన్స్ కారుకు ఇచ్చే మామూలు ఎల్ఎంవీ చాలు, 7500 కిలోల లోపు బండికి వేరే బ్యాడ్జి అవసరం లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత కొటేషన్ చూపిస్తే ఒప్పుకోకండి.

బత్తాయితోట_దేవరకొండ

అందరికీ చాలా కృతజ్ఞతలు. తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. కల్వకుర్తి అక్క రాసిన కూలీల మాట దగ్గర వాడు కూడా ఆగిపోయాడు. రెండు వరుసల సీట్లే అని ఇద్దరం ఒప్పుకున్నాం. ఫోర్ వీల్ దగ్గరే ఇంకా తేలలేదు. కొత్తది కాకుండా నల్లగొండలో వాడిన క్యాంపర్ ఫోర్ వీల్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. కొత్త టూ వీల్ కంటే చాలా తక్కువకు వస్తుంది. పాత ఫోర్ వీల్ బండి కొనడం మంచిదేనా? ఏం చూడాలి?

నల్లరేగడి_మక్తల్

ధర తగ్గితే ఆ మిగిలిన డబ్బు బాటకు పెట్టండి అన్నా. ఒర్రె ఒడ్డు జేసీబీతో కొంచెం వాలుగా కొట్టించి అడుగున సిమెంటు పైపులు వేస్తే ట్రాక్టర్‌కు, మీ తర్వాత వచ్చే బండికి కూడా పనికొస్తుంది. నీటి దారి మాత్రం ఇరుకు చేయకండి, పై రైతు చేను మునిగితే ఊళ్లో గొడవ.

గేర్‌పెట్టె_జడ్చర్ల

పాతది కొనొచ్చు, చూసి కొంటే. షోరూం ముందు తారు మీద తిప్పి చూస్తే ఏమీ తెలియదు, మట్టి నేలకు తీసుకెళ్లండి. ఫోర్ హెచ్ వేయండి, డాష్‌బోర్డు మీద గుర్తు వెలగాలి. గుర్తు వెలిగినా ముందు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయో లేదో చూడాలి, వదులు మట్టిలో ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి గమనించండి. తర్వాత బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి ఫోర్ ఎల్ వేయండి. గేరు బిగుసుకున్నా, మధ్యలో తన్నుకుని బయటికి వచ్చినా ట్రాన్స్‌ఫర్ కేసులో పని ఉందని అర్థం. తిరిగి టూ హెచ్‌కు సులువుగా రావాలి.

కిందికి దూరి ముందు హౌసింగ్ చుట్టూ, చక్రాల దగ్గరి రబ్బరు బూట్ల (గ్రీజు తొడుగుల) చుట్టూ చూడండి. బూటు చినిగి గ్రీజు బయట పడి ఉంటే మట్టి లోపలికి పోయినట్టే. నూనె బోల్టు విప్పించి వేలితో తీసి చూడండి, ఇనుప రవ్వ ఉండకూడదు, రంగు తెల్లబడకూడదు. నాలుగు టైర్ల కొలత చదవండి. ముందు వేరు, వెనక వేరు ఉంటే ఆ బండిని అలాగే ఫోర్ వీల్‌లో తిప్పారేమోనని అనుమానించాలి. అమ్మేవాడు "ఫోర్ వీల్ ఎప్పుడూ వాడలేదు" అంటే సంతోషించకండి, సీళ్లు ఎండి ఉంటాయి.

ఇవన్నీ బాగుంటే మీ వాడకానికి ఆ బండి తీసుకోమనే చెప్తాను. వానలో ఖాళీగా పోయే బండి, నిటారు ఒడ్డు, లోపల మనుషులు, ఈ మూడూ కలిశాయి కాబట్టి. వీటిలో ఒడ్డు లేకపోతే, లేదా వానలో లోడే ఎక్కువ ఉంటే, మీ తమ్ముడి వైపే ఉండేవాడిని.

పాలబండి_కల్వకుర్తి

బండిలో ఒక మంచి లాగుడు బెల్టు, పార, రెండు చెక్క పలకలు, లైటర్ సాకెట్‌కు తగిలించే గాలి పంపు పెట్టుకోండి అన్నా. ఇసుకలో టైరు గాలి తగ్గిస్తే చాలా తేడా వస్తుంది, రేగడిలో అంత రాదు. తారు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి.

బత్తాయితోట_దేవరకొండ

సరే. ఆదివారం తమ్ముడూ నేనూ నల్లగొండ పోతున్నాం. బండి యజమానిని మట్టి నేల మీద చూపించమని అడిగాను, ఊరి బయట చెరువు పక్కకు తీసుకొస్తానన్నాడు. మా ఊరి మెకానిక్‌ను కూడా వెంట తీసుకెళ్తున్నాం. ముందు హౌసింగ్ నూనె విప్పి చూస్తామని ముందే చెప్పాను, కాదనలేదు. పక్క రైతులు ఇద్దరు బాటకు రాయి పోయడానికి ఒప్పుకున్నారు, మూడో ఆయనతో మాట్లాడాలి.